డిస్క్ ఇమేజ్‌ని మౌంట్ చేయడం వేరు, ఎక్స్‌ట్రాక్ట్ చేయడం వేరు: ఆ తేడా ఎక్కడ మొదలవుతుందంటే

ఇప్పుడొచ్చే లాప్‌టాప్‌ల్లో సీడీ డ్రైవ్ దాదాపు కనపడట్లేదు, కానీ విండోస్ డౌన్‌లోడ్ చేసినా లినక్స్ డౌన్‌లోడ్ చేసినా చేతికొచ్చేది మాత్రం ఇంకా డాట్ ఐఎస్ఓ అనే డిస్క్ ఫైలే. పాత సీడీలు కాపీ చేసి దాచుకున్నవాళ్ళ హార్డ్ డిస్క్‌లో అయితే బిన్, క్యూ, ఎన్ఆర్‌జీ, ఎండీఎఫ్ అంటూ రకరకాల తోకలున్న (అంటే ఎక్స్‌టెన్షన్లున్న) డిస్క్ ఫైళ్ళు ఉంటాయి. అదే ఫైల్‌ని ఇద్దరు డబుల్ క్లిక్ చేస్తే ఒకరికి కొత్త డీవీడీ డ్రైవ్ పుట్టుకొస్తుంది, ఇంకొకరికి విన్‌రార్ తెరుచుకుంటుంది, వెంటనే "నా ఫైల్ రార్ అయిపోయిందేంటి" అని కంగారు. ఎవరినైనా అడిగితే ఒకళ్ళు మౌంట్ చెయ్ అంటారు, ఇంకొకళ్ళు ఎక్స్‌ట్రాక్ట్ చేసేయ్ అంటారు, మూడోవాళ్ళు పదిహేనేళ్ళ కిందటి అలవాటుతో డేమన్ టూల్స్ అనే మౌంట్ చేసే సాఫ్ట్‌వేర్ వేసుకో అంటారు. ముగ్గురిదీ ఏదో ఒక సందర్భంలో కరెక్టే, కాకపోతే ఏ సందర్భంలో అన్నది చెప్పేవాళ్ళు తక్కువ. అది తెలియాలంటే ముందు ఆ ఫైల్ లోపల ఏముందో చూడాలి.

ఫైళ్ళ మూట కాదు, డిస్క్‌కి తీసిన జిరాక్స్

జిప్ ఫైల్ అంటే మనకి తెలుసు, కొన్ని ఫైళ్ళని మూటగట్టి కాస్త కుదించి పెట్టినది. డిస్క్ ఇమేజ్‌ని కూడా చాలామంది అలాంటిదే అనుకుంటారు, అక్కడే మొదటి పొరపాటు. ఒక పుస్తకంలోంచి మీకు కావలసిన పాఠాలు వేరే కాగితాల మీద రాసుకుంటే అది జిప్ లాంటిది. అదే పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా, విషయసూచికతో, మధ్యలో ఉన్న తెల్ల కాగితాలతో, పేజీ నంబర్లతో సహా వరసగా జిరాక్స్ తీస్తే అది డిస్క్ ఇమేజ్.

డేటా సీడీని కంప్యూటర్ చూసే తీరు ఇలా ఉంటుంది: మొత్తం డిస్క్ సెక్టార్లు అనే చిన్న చిన్న గళ్ళుగా విడిపోయి ఉంటుంది, ఒక్కో గడిలో 2,048 బైట్ల డేటా. ఐఎస్ఓ ఫైల్ అంటే సున్నా నంబర్ గడి నుంచి చివరి గడి దాకా వరసగా చదివి ఒకే ఫైల్‌లో పేర్చడం, అంతే. మొదటి 16 గళ్ళు, అంటే 32,768 బైట్లు, సిస్టమ్ వాడకానికని వదిలేశారు, మామూలు డేటా డిస్క్‌లో అవి చాలాసార్లు ఖాళీగానే ఉంటాయి. ఆ తర్వాత గడిలో సీ, డీ అనే రెండు అక్షరాలూ 001 అనే అంకెలూ ఉంటాయి, ఏ సాఫ్ట్‌వేర్ అయినా "ఇది డేటా డిస్కే" అని గుర్తుపట్టేది దాన్ని చూసే. డిస్క్ పేరేంటి, మొదటి ఫోల్డర్ ఏ గడిలో మొదలవుతుంది అన్న వివరాలూ అక్కడే ఉంటాయి, అక్కడి నుంచి దారి పట్టుకుని పోతే మిగతా ఫైళ్ళన్నీ దొరుకుతాయి.

ఈ ఏర్పాటుకి పేరు ఐఎస్ఓ 9660, ఫైల్ తోకకి ఆ పేరు దీని వల్లే వచ్చింది. 1985లో కంప్యూటర్ కంపెనీల వాళ్ళు అమెరికాలో లేక్ తాహో దగ్గర హై సియెర్రా అనే హోటల్‌లో కూర్చుని, ఎవరి సీడీ వాళ్ళ మెషీన్‌లోనే ఆడితే ఎలా, అందరికీ ఒకటే పద్ధతి ఉండాలని పని మొదలుపెట్టారు, దాన్నే కొంచెం సవరించి 1988లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రకటించారు. అప్పుడు గీసిన గళ్ళ పటమే ఇవాళ మీరు డౌన్‌లోడ్ చేసే ఫైల్ లోపల కూడా ఉంది, నాకైతే ఇది చాలా గొప్పగా అనిపిస్తుంది.

మౌంట్ చేసినప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుంది

మౌంట్ అన్న మాట పెద్ద పెద్ద మెషీన్ల కాలం నుంచి వచ్చింది, అప్పట్లో టేప్ చక్రాన్ని నిజంగానే చేత్తో ఎత్తి మెషీన్‌కి బిగించేవాళ్ళు, అప్పుడే అందులోని డేటా అందుబాటులోకి వచ్చేది. ఇప్పుడు బిగించడానికి వస్తువేం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ఉత్తుత్తి డ్రైవ్‌ని తయారు చేస్తుంది, ఆ డ్రైవ్‌ని ఎవరైనా "నీ 500వ సెక్టార్ ఇవ్వు" అని అడిగితే అది ఐఎస్ఓ ఫైల్‌లో 500 ఇంటూ 2,048, అంటే 10,24,000వ బైట్ దగ్గరికి వెళ్ళి అక్కడ్నుంచి 2,048 బైట్లు తెచ్చి ఇస్తుంది. అడిగిన ప్రోగ్రామ్‌కి నిజం డిస్క్‌కీ దీనికీ తేడా తెలీదు. లినక్స్‌లో దీన్ని లూప్ డివైస్ అంటారు, విండోస్‌లో డీవీడీ డ్రైవ్ లాగా ఒక అక్షరంతో కనిపిస్తుంది, మాక్‌లో ఫైండర్ పక్కన ఒక వాల్యూమ్‌గా వస్తుంది, లోపల జరిగేది మాత్రం ఒకటే.

దీన్నిబట్టి మూడు విషయాలు వాటంతటవే అర్థమైపోతాయి. ఫైళ్ళు ఎక్కడికీ కాపీ అవ్వట్లేదు కాబట్టి 5 జీబీ ఐఎస్ఓని మౌంట్ చేస్తే కొత్తగా ఖర్చయ్యే స్థలం దాదాపు సున్నా, అదీ ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. అది డిస్క్‌గా నటిస్తోంది కాబట్టి లోపల ఏదీ మార్చలేరు, ఒక టెక్స్ట్ ఫైల్ తెరిచి ఒక్క అక్షరం మార్చి సేవ్ కొడితే కుదరదని చెప్తుంది. ఇక అసలు ఐఎస్ఓ ఫైల్‌ని డిలీట్ చేయబోతే "వాడుకలో ఉంది" అని విండోస్ ఒప్పుకోదు, ఎందుకంటే కనిపిస్తున్న డ్రైవ్‌కి ప్రాణం ఆ ఫైలే. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఇజెక్ట్ కొడితే వదిలేస్తుంది. విండోస్‌లో సిస్టమ్ రీస్టార్ట్ అయినా ఆ డ్రైవ్ పోతుంది, అప్పుడు "నిన్న ఉన్న డ్రైవ్ ఇవాళ లేదు, ఫైళ్ళు పోయాయా" అని భయపడక్కర్లేదు, ఫైల్ ఉన్నచోటే ఉంటుంది, మళ్ళీ మౌంట్ చేస్తే చాలు.

విండోస్‌లో ఈ సదుపాయం 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి సొంతంగా ఉంది. విండోస్ 7 దాకా లేదు, అందుకే ఆ రోజుల్లో డేమన్ టూల్స్, వర్చువల్ క్లోన్ డ్రైవ్, విన్‌సీడీఈము లాంటివి ప్రతి ఇంటి కంప్యూటర్‌లోనూ ఉండేవి. ఉత్త ఐఎస్ఓ కోసం అయితే ఇప్పుడు వాటి అవసరం లేదు. మరి డబుల్ క్లిక్ చేస్తే విన్‌రార్ ఎందుకొస్తోంది అంటే, విన్‌రార్ గానీ సెవెన్ జిప్ గానీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఐఎస్ఓలు కూడా నేనే తెరుస్తానని పేరు రాయించుకుని ఉంటుంది. ఫైల్ ఏమీ మారలేదు, మారింది దాన్ని తెరిచే ప్రోగ్రామ్ మాత్రమే. రైట్ క్లిక్ చేసి విండోస్ ఎక్స్‌ప్లోరర్‌తో తెరవమంటే మామూలుగానే మౌంట్ అవుతుంది.

ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే మిగిలేదేంటి, జారిపోయేదేంటి

ఎక్స్‌ట్రాక్ట్ అంటే సెవెన్ జిప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ గళ్ళ పటాన్ని తనే చదువుకుని, లోపలున్న ఒక్కో ఫైల్‌ని బయటికి తీసి మీ హార్డ్ డిస్క్‌లో మామూలు ఫోల్డర్‌గా పెట్టడం. 5 జీబీ ఇమేజ్‌కి ఇంకో 5 జీబీ ఖాళీ కావాలి, టైమూ పడుతుంది, కానీ ఆ తర్వాత ఆ ఫైళ్ళు పూర్తిగా మీవి, మార్చుకోవచ్చు, పేరు పెట్టుకోవచ్చు, ఐఎస్ఓని తీసేయొచ్చు. ఒకటే ఒక ఫైల్ కావాలంటే దాన్నొక్కదాన్నే లాగి తీసుకోవచ్చు.

ఇక్కడ జిరాక్స్ పోలిక మళ్ళీ పనికొస్తుంది. పాఠాలు బయట రాసుకున్నాం సరే, అట్ట మీద ఉన్నది, పేజీ నంబర్లు, విషయసూచిక ఇవన్నీ రాసుకోలేదు కదా. డిస్క్‌లో అలా ఫైళ్ళ లెక్కలోకి రానివి కొన్ని ఉంటాయి, వాటిల్లో అన్నిటికంటే ముఖ్యమైనది బూట్ సమాచారం. సీడీ నుంచి కంప్యూటర్ స్టార్ట్ అయ్యే పద్ధతికి ఎల్ టొరీటో అని పేరు, 1995 నాటిది. ఐఎస్ఓలో 17వ నంబర్ సెక్టార్‌లో "బూట్ అవ్వాలంటే ఫలానా గడికి వెళ్ళు" అని ఒక చీటీ ఉంటుంది, అది ఏ ఫోల్డర్‌లోనూ ఫైల్‌గా ఉండదు. ఎక్స్‌ట్రాక్ట్ చేసినప్పుడు ఆ చీటీ వెనకే ఉండిపోతుంది. డిస్క్ పేరు కూడా పోతుంది, "సరైన డిస్క్ పెట్టండి" అని పేరు చూసి అడిగే పాత ప్రోగ్రామ్‌లు అందుకే ఎక్స్‌ట్రాక్ట్ చేసిన ఫోల్డర్ దగ్గర మొండికేస్తాయి, మౌంట్ చేస్తే చాలాసార్లు ఊరుకుంటాయి. లినక్స్ డిస్క్ అయితే లోపలున్న సింబాలిక్ లింకులు (ఇంకో ఫైల్‌కి దారి చూపేవి), ఫైల్ పర్మిషన్లు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్ మీదకి తీస్తే నిలబడవు.

పెన్ డ్రైవ్ మీద ఐఎస్ఓ ఫైల్‌ని కాపీ చేసి "బూట్ అవ్వట్లేదు" అనేవాళ్ళ కష్టం కూడా ఇదే కొమ్మకి కాసిన కాయ. పుస్తకం జిరాక్స్‌ని మడిచి డబ్బాలో పెడితే ఆ డబ్బా పుస్తకం అయిపోదు, ఐఎస్ఓని ఫైల్‌గా పెన్ డ్రైవ్‌లో వేస్తే పెన్ డ్రైవ్ డిస్క్ అయిపోదు. రూఫస్, ఎచ్చర్ లాంటివి చేసేది ఏంటంటే పెన్ డ్రైవ్‌నే ఆ డిస్క్‌లాగా తయారు చేయడం. చాలా లినక్స్ ఐఎస్ఓలైతే మొదటి గడిలోనే, అంటే సీడీ పద్ధతిలో ఖాళీగా వదిలేసిన చోటే, హార్డ్ డిస్క్‌కి కావలసిన బూట్ రికార్డు కూడా ముందే పెట్టుకుని వస్తాయి, వాటిని హైబ్రిడ్ ఐఎస్ఓలు అంటారు, బైట్ బైట్ యథాతథంగా పెన్ డ్రైవ్ మీద రాసినా బూట్ అవుతాయి. వెంటాయ్ అనేది ఇంకో దారి, అది పెన్ డ్రైవ్‌లో తన సొంత బూట్ ప్రోగ్రామ్ పెట్టుకుని, మీరు మామూలుగా కాపీ చేసిన ఐఎస్ఓనే ఆ క్షణంలో డిస్క్‌గా చూపిస్తుంది. కాబట్టి ఐఎస్ఓ ఫైల్ కాపీ చేస్తే బూట్ అవ్వదు అన్నది నిజమే, వెంటాయ్ ఉంటే అవుతుంది అన్నదీ నిజమే, గొడవపడక్కర్లేదు.

700 ఎంబీ సీడీకి 800 ఎంబీ దాటిన ఫైల్ ఎలా వస్తుంది

బిన్, క్యూ ఫైళ్ళ గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే జనం ఇక్కడే ఎక్కువ దెబ్బతింటారు, నేనూ తిన్నాను.

80 నిమిషాల సీడీ తీసుకోండి. సీడీలో సెకనుకి 75 సెక్టార్లు. 80 ఇంటూ 60 ఇంటూ 75 అంటే 3,60,000 సెక్టార్లు. ఒక్కోదాంట్లో 2,048 బైట్లు అనుకుంటే మొత్తం 73,72,80,000 బైట్లు, 1,024 ఇంటూ 1,024 బైట్లు ఒక ఎంబీ లెక్కన సుమారు 703 ఎంబీ, అట్ట మీద రాసే 700 ఎంబీ అదే. కానీ డిస్క్ మీద నిజంగా ఒక్కో సెక్టార్ 2,352 బైట్లు ఉంటుంది. మామూలు డేటా సెక్టార్‌లో ఆ మిగతా 304 బైట్లలో గడి మొదలైందని చెప్పే గుర్తు, గడి నంబర్, గీతలు పడితే తప్పులు పట్టుకుని సరిదిద్దుకోడానికి అవసరమయ్యే డేటా ఉంటాయి. బిన్ ఫైల్ సాధారణంగా ఆ 2,352 బైట్లనీ యథాతథంగా దాచుకుంటుంది. 3,60,000 ఇంటూ 2,352 అంటే 84,67,20,000 బైట్లు, దాదాపు 807 ఎంబీ. డిస్క్ అదే, డేటా అదే, జిరాక్స్ తీసేటప్పుడు మార్జిన్లో రాసినవి కూడా తీశామా లేదా అన్నదే తేడా.

దీంతో ఒక చిన్న పరీక్ష కూడా దొరుకుతుంది. తోక ఏదైనా సరే, ఫైల్ ప్రాపర్టీస్‌లో బైట్లలో ఉన్న సైజ్‌ని 2,048తో భాగించండి, 2,352తో భాగించండి. 84,67,20,000ని 2,352తో భాగిస్తే సరిగ్గా 3,60,000 వస్తుంది, 2,048తో భాగిస్తే 4,13,437.5 వస్తుంది, సగం సెక్టార్ అనేది ఉండదు కాబట్టి అది లోపల బిన్ తరహా అని తెలిసిపోతుంది. కొన్ని సైజులు రెండిటితోనూ తెగే అవకాశం ఉంది గానీ చాలాసార్లు ఈ లెక్క పనిచేస్తుంది.

మరి బిన్‌ని ఐఎస్ఓ అని పేరు మారిస్తే సరిపోతుందా అంటే ఎందుకు సరిపోదో ఇప్పుడు చూడొచ్చు. ఐఎస్ఓ చదివే సాఫ్ట్‌వేర్ మొదట్లో చెప్పిన సీ, డీ, 001 గుర్తు కోసం 32,768వ బైట్ దగ్గర వెతుకుతుంది. బిన్‌లో ఒక్కో గడి పెద్దది కాబట్టి అదే 16వ గడి 37,632 దగ్గర మొదలవుతుంది, అందులోనూ మామూలు డేటా సీడీ అయితే అసలు డేటా ఇంకో 16 బైట్ల తర్వాత ఉంటుంది. వెతికిన చోట ఏదో మధ్యలో ముక్క కనపడుతుంది, "ఫైల్ పాడైంది" అని చెప్పేస్తుంది. ఫైల్ నిక్షేపంలా ఉంటుంది పాపం. చాలా ఎన్ఆర్‌జీ ఫైళ్ళదీ ఇదే తంతు, అందులో డిస్క్ మొదట్లో ఉండే రెండు సెకన్ల ఖాళీ, అంటే 150 సెక్టార్లు, కూడా చేరి ఉంటుంది, దాంతో అన్నీ 3,07,200 బైట్లు ముందుకి జరిగిపోతాయి. డీవీడీ నుంచి తీసిన ఎండీఎఫ్‌లో మాత్రం చాలాసార్లు ఉన్నది ఉత్త 2,048 బైట్ల గళ్ళే, అందుకే దాని పేరు మార్చినవాళ్ళకి పనిచేస్తుంది, వాళ్ళు వచ్చి "పేరు మారిస్తే చాలు" అని అందరికీ చెప్తారు. వాళ్ళ అనుభవం అబద్ధం కాదు, కాకపోతే అది ఆ ఫైల్ వరకే.

ఇక క్యూ ఫైల్ అంటే పక్కనుండే చిన్న టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవొచ్చు. ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుంది, అది డేటానా పాటనా అని అందులో ఉంటుంది. చిన్నదిగా ఉందని డిలీట్ చేసేవాళ్ళు చాలామంది, కానీ ఎక్కువ ట్రాకులున్న డిస్క్‌కి అది లేకపోతే బిన్ తలా తోకా తెలియని పెద్ద ముద్దే. బిన్ ఫైల్ పేరు మార్చి క్యూ లోపల ఉన్న పేరు మార్చకపోయినా మౌంట్ అవ్వదు, రెండు పేర్లూ కలవాలి.

పాటల సీడీ విషయం ఇంకా వేరు. అందులో ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైల్ ఏ గడిలో ఉందో చెప్పే ఏర్పాటు, అనేదే లేదు. సెకనుకి 44,100 శాంపిల్స్, ఒక్కోటి 2 బైట్లు, రెండు చానెళ్ళు, మొత్తం 1,76,400 బైట్లు, దాన్ని 75తో భాగిస్తే సరిగ్గా 2,352. అంటే గడి గడంతా సంగీతమే. అందుకే పాటల సీడీని ఐఎస్ఓగా దాచడం అన్నదే కుదరని పని. చాలా ఏళ్ళ కిందట నా దగ్గర ఒక డిస్క్ ఉండేది, మొదటి ట్రాక్‌లో ప్రోగ్రామ్, తర్వాత ట్రాకుల్లో సంగీతం. దాన్ని ఐఎస్ఓగా తీసి పెట్టుకుని, మౌంట్ అయింది, ప్రోగ్రామ్ నడిచింది, బాగానే ఉందనుకుని డిస్క్ ఇచ్చేశాను. తర్వాతెప్పుడో చూస్తే సంగీతం ఒక్క ముక్క లేదు, ఎందుకంటే ఐఎస్ఓ దాచింది మొదటి డేటా ట్రాక్‌ని మాత్రమే. ఆ సంగీతం నాకు మళ్ళీ దొరకలేదు. ఇప్పటికీ అది గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

బిన్, క్యూ జంటని విండోస్ సొంతంగా మౌంట్ చేయదు. విన్‌సీడీఈము లాంటివి చేస్తాయి, లినక్స్‌లో సీడీఈము ఉంది, బీచంక్ అనే చిన్న ప్రోగ్రామ్ క్యూ చూసుకుని బిన్‌లోంచి డేటా ట్రాక్‌ని ఐఎస్ఓగా, పాటల్ని విడిగా తీసి ఇస్తుంది.

ఒకే డిస్క్‌లో రెండు మూడు విషయసూచికలు

ఐఎస్ఓ 9660 మొదట్లో చాలా పిసినారి పద్ధతి, మొదటి లెవెల్‌లో ఫైల్ పేరుకి 8 అక్షరాలు, తోకకి 3, అన్నీ పెద్దక్షరాలే. పొడుగు పేర్ల కోసం మైక్రోసాఫ్ట్ 64 అక్షరాల దాకా రాసుకునే జోలియట్ తెచ్చింది, యూనిక్స్ వాళ్ళు పర్మిషన్లు, లింకులు కూడా ఉండేలా రాక్ రిడ్జ్ తెచ్చారు, డీవీడీలతో పాటు యూడీఎఫ్ వాడుకలోకి వచ్చింది. వీటిల్లో కొన్ని ఒకే డిస్క్‌లో కలిసి ఉండొచ్చు. ఫైల్ ఒకటే ఉంటుంది, దాన్ని చూపించే విషయసూచికలు వేరువేరుగా ఉంటాయి. ఒకే ఇమేజ్‌ని ఒక సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పేర్లు చక్కగా, ఇంకోదాంట్లో తెరిస్తే అన్నీ పెద్దక్షరాల్లో తెగిపోయి కనిపించడానికి కారణం ఇదే, ఒక్కోటి ఒక్కో సూచిక చదువుతోంది.

దీనికి అందరికీ ఎదురయ్యే ఉదాహరణ విండోస్ ఇన్‌స్టాలేషన్ ఐఎస్ఓ. 5 జీబీ డౌన్‌లోడ్ చేసి ఏదో పాత సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే లోపల రీడ్‌మీ అనే ఒకే ఒక్క చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది, మోసపోయామని మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తారు, మళ్ళీ అదే. ఆ టెక్స్ట్‌లో రాసి ఉండేది కూడా "ఈ డిస్క్ యూడీఎఫ్, దాన్ని చదవగలిగే సిస్టమ్ కావాలి" అనే. అసలు ఫైళ్ళన్నీ యూడీఎఫ్ సూచికలో ఉన్నాయి, ఆ సాఫ్ట్‌వేర్‌కి యూడీఎఫ్ చదవడం రాదు. మౌంట్ చేసినా, కొత్త సెవెన్ జిప్‌తో తెరిచినా అన్నీ కనిపిస్తాయి. యూడీఎఫ్‌కి ఎందుకెళ్ళారంటే లోపలున్న ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైల్ చాలాసార్లు 4 జీబీ దాటేస్తుంది, అంత పెద్ద ఫైళ్ళతో పాత పద్ధతికి ఇబ్బంది. ఆ ఫైల్‌ని ఎక్స్‌ట్రాక్ట్ చేసి ఫ్యాట్32 పెన్ డ్రైవ్‌లో వేయబోతే "ఫైల్ చాలా పెద్దది" అని రావడానికీ అదే కారణం, ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4 జీబీకి ఒక్క బైట్ తక్కువ దాకానే ఉండగలదు, పెన్ డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా సరే.

డీఎంజీ, ఐఎంజీ: ఒకే తోక, వేరే సరుకు

డీఎంజీ అంటే ఆపిల్ వాళ్ళ డిస్క్ ఇమేజ్. పెద్ద తేడా ఏంటంటే ఇది సాధారణంగా లోపల కుదించి ఉంటుంది, ఫైల్ సిస్టమ్ కూడా ఆపిల్ సొంతమైన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ గానీ ఏపీఎఫ్ఎస్ గానీ ఉంటుంది, కాబట్టి విండోస్ దీన్ని మౌంట్ చేయలేదు. సెవెన్ జిప్‌తో చాలావాటిని ఎక్స్‌ట్రాక్ట్ చేయొచ్చు, ఏపీఎఫ్ఎస్ చదవడం 22.00 వెర్షన్ నుంచి వచ్చింది. లోపలున్న మాక్ ప్రోగ్రామ్ మాత్రం విండోస్‌లో నడవదు, ఫాంట్లు, ఫొటోలు, డాక్యుమెంట్ల వరకు ఉపయోగం. మాక్ వాడేవాళ్ళలో ఇంకో అయోమయం చూశాను, డీఎంజీ మౌంట్ అయ్యాక అందులోంచే యాప్ నడుపుకుంటారు, డౌన్‌లోడ్స్ ఖాళీ చేసిన రోజు యాప్ పోయిందంటారు. డిస్క్‌లోంచి అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి లాగడం అన్న అడుగు ఉండేది ఉత్త మర్యాదకి కాదు, అసలు కాపీ జరిగేది అప్పుడే.

ఐఎంజీ అన్నది అన్నిటికంటే అస్పష్టమైన తోక. అందులో సీడీ ఉండొచ్చు, ఫ్లాపీ ఉండొచ్చు, రాస్‌బెర్రీ పై లాంటివాటి కోసం తీసిన మొత్తం ఎస్‌డీ కార్డు ఉండొచ్చు. సీడీ సరుకు ఉంటే విండోస్ మౌంట్ చేసేస్తుంది. ఎస్‌డీ కార్డు ఇమేజ్ అయితే లోపల మొదట పార్టిషన్ పట్టిక, దాని తర్వాత రెండు మూడు పార్టిషన్లు, అంటే కార్డుని విడగొట్టిన భాగాలు, ఉంటాయి, విండోస్ దాన్ని డిస్క్‌గా ఒప్పుకోదు, "పాడైంది" అంటుంది, కానీ అదే ఫైల్‌ని సెవెన్ జిప్‌లో తెరిస్తే పార్టిషన్లు విడివిడిగా కనిపిస్తాయి, లినక్స్‌లో అయితే నేరుగా మౌంటే చేసుకోవచ్చు.

పాడైంది అని మెసేజ్ వస్తే నిజంగా పాడైనట్టేనా

ఇప్పటిదాకా చూసినదాన్నిబట్టి సగంసార్లు కాదనే చెప్పాలి, ఆ సాఫ్ట్‌వేర్ వెతికిన చోట దానికి కావలసింది లేదు, అంతవరకే. విండోస్‌లో ఇంకో వింత మెసేజ్ ఉంది, ఫైల్ ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ సొంత ఫైల్ సిస్టమ్) వాల్యూమ్‌లో ఉందో లేదో, కుదించిన ఫోల్డర్‌లో లేదు కదా చూసుకోండి అని. చూస్తే ఫైల్ ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే ఉంటుంది, కుదించీ ఉండదు. చాలాసార్లు అసలు కారణం స్పార్స్ అనే గుర్తు, కొన్ని డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్లు ఖాళీ భాగాలకి స్థలం తీసుకోకుండా ఫైల్‌ని అలా రాస్తాయి, అలాంటి ఫైల్‌ని విండోస్ మౌంట్ చేయదు. ఆ ఫైల్‌కి ఇంకోచోట మామూలు కాపీ తీసి, ఆ కాపీని మౌంట్ చేస్తే అయిపోవడం చాలాసార్లు చూస్తాం.

నిజంగా పాడైందో లేదో తేల్చేది మాత్రం హాష్, అంటే ఫైల్ మొత్తం మీద లెక్క వేసి తీసే వేలిముద్ర లాంటిది. విండోస్, లినక్స్ ఇచ్చేవాళ్ళు చాలామంది ఫైల్‌తో పాటు ఎస్‌హెచ్ఏ 256 అనే 64 అక్షరాల వరసని కూడా ప్రకటిస్తారు. మీ దగ్గరున్న ఫైల్ మీద అదే లెక్క వేస్తే అదే వరస రావాలి, 5 జీబీలో ఒక్క బిట్ తేడా ఉన్నా వరస మొత్తం మారిపోతుంది. మౌంట్ అయింది కదా అంటే అది హాష్‌కి బదులు కాదు, ఎందుకంటే మౌంట్ అవ్వడానికి మొదటి కొన్ని గళ్ళు బాగుంటే చాలు, చివర్లో ఉన్న ఫైల్ సగమే డౌన్‌లోడ్ అయి ఉన్నా డ్రైవ్ ముచ్చటగా కనిపిస్తుంది, ఇన్‌స్టాలేషన్ 80 శాతం అయ్యాక ఆగిపోతుంది.

ఏది సురక్షితం అన్న వాదన

మౌంట్ చేయడం వల్ల వైరస్ రాదు, లోపలున్నది నడిపితేనే వస్తుంది అని కొందరంటారు. ముక్కగా చూస్తే అది నిజం. కానీ ఇక్కడ ఒక చరిత్ర ఉంది. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైల్‌కి విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది, ఆ గుర్తు చూసే "ఇది తెలియని చోటు నుంచి వచ్చింది, నడపమంటారా" అని హెచ్చరిస్తుంది. ఆ గుర్తు ఐఎస్ఓ ఫైల్ మీద ఉండేది గానీ మౌంట్ చేశాక లోపల కనిపించే ఫైళ్ళ మీద ఉండేది కాదు. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్ళలో మాక్రోలు (ఫైల్‌లోపల దాగి నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) ఆపేయడం మొదలుపెట్టాక, దొంగలు ఈ సందులోకి దూరారు, ఈమెయిల్‌లో చిన్న ఐఎస్ఓ పంపడం, అందులో డాక్యుమెంట్ బొమ్మతో ఒక షార్ట్‌కట్ పెట్టడం. ఆ ఏడాది నవంబర్ అప్‌డేట్‌లో మైక్రోసాఫ్ట్ దీన్ని సరిచేసింది, అప్పటి నుంచి మౌంట్ చేసిన ఇమేజ్ లోపలి ఫైళ్ళకి కూడా గుర్తు వర్తిస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే సేఫ్ అనేవాళ్ళది కూడా పూర్తిగా నిజం కాదు, సెవెన్ జిప్ ఆ గుర్తుని బయటికి తీసిన ఫైళ్ళకి అంటించే సదుపాయం అదే ఏడాది ఇచ్చింది గానీ అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఎవరికి వాళ్ళు ఆన్ చేసుకోవాలి. అప్‌డేట్ అయిన విండోస్‌లో ఈ ఒక్క విషయంలో మౌంటే కాస్త మెరుగని నా అభిప్రాయం. ఏమైనా, అడగకుండా మెయిల్‌లో వచ్చిన 2 ఎంబీ ఐఎస్ఓకి సరైన కారణం నాకైతే ఎప్పుడూ కనపడలేదు.

దాచుకోవాలంటే ఇమేజా, ఫైళ్ళా

ఒకసారి ఇన్‌స్టాల్ చేసి వదిలేసేదానికి మౌంట్, మార్చుకోవలసినదానికి ఎక్స్‌ట్రాక్ట్ అన్నదాంట్లో పెద్దగా తగాదా లేదు. అభిప్రాయాలు చీలేది దాచుకునే దగ్గర. ఫైళ్ళుగా దాచాలనేవాళ్ళు చెప్పేది, ఫొటో ఫైల్‌ని ఏ కంప్యూటరైనా ఎప్పుడైనా తెరుస్తుంది, వెతికితే పేరుతో దొరుకుతుంది, ఎండీఎఫ్‌లో పెట్టి దాస్తే పదేళ్ళ తర్వాత దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ ఉంటుందో ఉండదో అని. ఇమేజ్‌గా దాచాలనేవాళ్ళు చెప్పేది, డిస్క్ ఒకసారి పోతే మళ్ళీ రాదు, ఇమేజ్ నుంచి ఫైళ్ళు ఎప్పుడైనా తీసుకోవచ్చు గానీ ఫైళ్ళ నుంచి అసలు డిస్క్‌ని, దాని బూట్ గడిని, తేదీల్ని, పేరుని తిరిగి కట్టలేం అని. లైబ్రరీలు, పాత సాఫ్ట్‌వేర్ భద్రపరిచేవాళ్ళు రెండోదానివైపే మొగ్గుతారు, ఇంట్లో ఫొటోల డిస్కులున్నవాళ్ళకి మొదటిదాంట్లో చాలా న్యాయం ఉంది.

నేనైతే డేటా మాత్రమే ఉన్న డిస్క్‌ని ఐఎస్ఓగా, పాటలు కలిసిన డిస్క్‌ని బిన్, క్యూ జంటగా తీసి, ఫొటోల్లాంటివి విడిగా ఫోల్డర్‌లోకి కూడా ఎక్స్‌ట్రాక్ట్ చేసి పెడుతున్నాను, పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఇమేజ్ హాష్ రాసి. అసలు డిస్క్‌ని వదిలించుకునే ముందు ఇమేజ్‌ని మౌంట్ చేసి మొదటి ఫోల్డర్ కాకుండా చివరి ఫైల్ తెరిచి చూస్తాను, ట్రాకులున్న డిస్క్ అయితే క్యూ ఫైల్ తెరిచి ట్రాకుల సంఖ్య అట్ట మీదున్న సంఖ్యతో కలిసిందో లేదో లెక్కపెట్టుకుంటాను.